పొర్లిపోయే మందే కొంటాను

మా ఆఫీసులో ఒక కుర్రాడు పోయిన నెల ప్రోగ్రెసివ్ ప్రెస్ కొన్నాడు, అంటే ఇంట్లో తూటాలు చేసుకునే యంత్రం. అట్టపెట్టె ఇంకా విప్పలేదు, అప్పుడే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, దీనిమీద గంటకు ఎన్ని తూటాలొస్తాయి?"

ఎనిమిదేళ్ళ కింద నేనడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం నాకు కడుపులో కెలికినట్టుంటుంది. నేను జవాబు చెప్పకుండా, "నువ్వు ఏ తుపాకీ మందు కొన్నావురా?" అని ఎదురడిగాను. "ఏదైతే ఏమన్నా, అందరూ వాడేదే, తక్కువ పడితే సరిపోతుందంట, చవక" అన్నాడు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

ముందు ఈ పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. నేనుండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరంగా. నెలకు రెండు శనివారాలు పిస్టల్ పోటీలకు పోతాను. పోటీ, సాధన కలిపితే ఏడాదికి పదివేల దాకా తూటాలు పేలతాయి. పేలిన తూటాలో కాలిపోయేది మందు, వెళ్ళిపోయేది గుండు, చచ్చిపోయేది ప్రైమర్, అంటే అడుగున ఉండి మందుకు నిప్పంటించే చిన్న బిళ్ళ. ఇవన్నీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, కేసు, మాత్రం కాళ్ళ దగ్గరే పడుంటుంది, చెక్కుచెదరదు. దాన్ని ఏరుకొచ్చి, కడిగి, కొత్త ప్రైమర్ ఎక్కించి, మందు పోసి, గుండు బిగిస్తే మళ్ళీ తూటా. పిస్టల్ కేసు పది సార్లు పైగా పనికొస్తుంది. నా కేసులైతే పగిలిపోవడం కంటే గడ్డిలో పోవడమే ఎక్కువ.

అమెరికాలో సొంతానికి చేసుకుంటే దీనికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే కావాలి. మన తెలుగువాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. హెచ్-1బీ మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్ళు తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. ఫెడరల్ చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని నమ్ముకునే ముందు లాయరును అడగాల్సిందే. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా ఆగాను. ఆ కుర్రాడూ ఆగాడు. ఇక ఇండియాలో దీని ఊసే ఎత్తొద్దు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం, 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది. ఈ వ్యాసం చదివి ఊళ్ళో ఎవరికైనా సరదా పుడుతుందేమోనని ఈ ముక్క ముందే రాస్తున్నాను.

ఇప్పుడు యంత్రం సంగతి. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒకే పని. వంద కేసులకు ప్రైమర్ ఊడగొట్టి సైజు చేస్తావు, తర్వాత డై, అంటే అచ్చు, మార్చి వందింటికీ మూతి వెడల్పు చేస్తావు, తర్వాత మందు పోస్తావు, తర్వాత గుండు. ప్రోగ్రెసివ్‌లో ఒక గుండ్రటి ప్లేటు, దానిమీద నాలుగో ఐదో గూళ్ళు. ప్రతి గూటిలో ఒక్కో కేసు ఒక్కో దశలో ఉంటుంది. హ్యాండిల్ ఒక్కసారి దించితే అన్ని పనులూ ఒకేసారి అయిపోతాయి. మొదటి గూట్లో పాత ప్రైమర్ రాలిపోయి కేసు సైజుకొస్తుంది. పిడి వెనక్కి తోస్తే కొత్త ప్రైమర్ ఎక్కుతుంది. రెండో గూట్లో కేసు మూతి కొంచెం విచ్చుకుంటుంది, పైనున్న హాపర్ అనే మందు డబ్బా నుంచి కొలిచిన మందు పడుతుంది. మూడో గూట్లో మనం పెట్టిన గుండు దిగుతుంది. నాలుగో గూట్లో విచ్చుకున్న మూతి మళ్ళీ మూసుకుంటుంది. ప్లేటు ఒక గూడు తిరుగుతుంది, తయారైన తూటా టప్పుమని డబ్బాలో పడుతుంది. కొన్ని ప్రెస్‌లలో ప్లేటు దానంతటదే తిరుగుతుంది, కొన్నింట్లో చేత్తో తిప్పాలి. నాది చేత్తో తిప్పేది.

ఆ లయ అలవాటైతే మనిషికి మత్తులాగా ఉంటుంది. ఎడమచేత్తో గుండు, కుడిచేత్తో పిడి, బొటనవేలితో తిప్పు. గుండు, పిడి, తిప్పు. అమ్మేవాళ్ళు గంటకు నాలుగైదు వందలంటారు. ఇంకా పెద్ద యంత్రాలకు వెయ్యి అంటారు. ఆ లెక్కలో అబద్ధం లేదు. అయితే అది పిడి ఎన్నిసార్లు దించగలవన్న లెక్క. కేసులోకి ఎన్నిసార్లు చూశావన్న లెక్క దాంట్లో లేదు.

రెండో ఏడాది, అక్టోబరు నెలలో ఒక శనివారం. పోటీలో ఒక స్టేజ్, అంటే ఒక రౌండు, మధ్యలో ఉన్నాను. ఆరు పేల్చాను, ఏడోది 'ధాం' అనాల్సింది 'టప్' మంది. సీసా మూత తీసినంత శబ్దం. తుపాకీ పైభాగం, స్లైడు, వెనక్కి కదల్లేదు. పోటీల్లో చేతులకు ఒక అలవాటు నేర్పిస్తారు: తుపాకీ పేలకపోతే ఆలోచించకు, తూటాలుండే మ్యాగజైన్ అడుగున ఒక దెబ్బ, స్లైడు ఒక లాగు, మళ్ళీ పేల్చు. నా ఎడమచేయి ఆ పనికి అప్పుడే లేచింది. వెనకనుంచి రేంజ్ ఆఫీసరు "స్టాప్!" అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆగాను.

బ్యారెల్ ఊడదీసి చూస్తే గుండు తూటా కూర్చునే ఛాంబర్ దాటి ఒక అంగుళం దూరంలో ఇరుక్కుని ఉంది. కేసులో మందు లేదు. ఒక్క ప్రైమర్ ఊపుకే గుండు అంతదూరం పోయి ఆగిపోయింది. దాని వెనక ఇంకో గుండు పేల్చి ఉంటే ఆ బ్యారెల్ ఉబ్బేదో, చీలేదో. ఆ స్టేజ్ నాకు అక్కడితో సరి. క్లబ్బులో రిటైరైన మెషినిస్టు పెద్దాయన ఒకరున్నారు, ఇత్తడి కడ్డీ పెట్టి చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేసి గుండును బయటికి తోశారు. దాన్ని నా అరచేతిలో పెట్టి, "మందు లేని కేసు సంగతి తెలిసింది కదా. రెండుసార్లు మందు పడిన కేసేమైనా ఉందేమో ఇంటికెళ్ళి వెతుక్కో" అన్నారు.

ఆయన అన్నది నాకు కారు నడుపుతుండగా అర్థమైంది. ఇంటికెళ్ళి ఆ విడతలో చేసిన తూటాలన్నీ బల్లమీద పోశాను. మిగిలినవి 340. ఒక్కటీ పేల్చలేదు. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని అన్నింటినీ గుండు ఊడదీసే సుత్తి పుల్లర్‌తో ఊడగొట్టాను. తూకం వేసి తప్పుది కనిపెట్టొచ్చు కదా అనుకుంటారు. ఇత్తడి కేసుకూ కేసుకూ, గుండుకూ గుండుకూ ఉండే తేడానే మందు తూకమంత ఉంటుంది, ఆ పద్ధతి పనికిరాదు. డబుల్ ఏదీ దొరకలేదు. కానీ తప్పు ఎక్కడ జరిగిందో గుర్తొచ్చింది.

నేను ప్రతి యాభైకి ఒకసారి మందు పడిన కేసు ప్రెస్ నుంచి తీసి, ఆ మందును తూకం పళ్ళెంలో పోసి చూస్తాను. అప్పట్లో, సరిగ్గా ఉంటే పళ్ళెంలో మందు మళ్ళీ ఆ కేసులోనే పోసి మూడో గూట్లో పెట్టేవాణ్ణి. ఆ రోజు తూకం చూశాను, సరిగ్గా ఉంది. పళ్ళెంలో మందు హాపర్‌లోకి వంచేశాను. అంతలో ఫోను. డాలస్‌లో రాత్రి తొమ్మిదిన్నర అంటే ప్రొద్దుటూరులో పొద్దున ఎనిమిది. అమ్మ. "ఏం నాయనా, బువ్వ తింటివా?" అంది. తింటిని అన్నాను. పది నిమిషాలు మాట్లాడాను. మాట్లాడుతూనే చేతిలో ఉన్న ఖాళీ కేసు తీసుకెళ్ళి మూడో గూట్లో పెట్టాను. ఫోన్ పెట్టేసి, గుండు పెట్టి, పిడి దించాను. మూతి అప్పటికే విచ్చుకుని ఉంది కాబట్టి గుండు హాయిగా కూర్చుంది. చేతికి ఏ తేడా తెలియలేదు.

ఇప్పుడు ఆ రాత్రిని కొంచెం మార్చి చూడండి. మందు తిరిగి కేసులోనే పోశాననుకోండి, ఫోన్ వచ్చిందనుకోండి, మాట్లాడుతూ దాన్ని మూడో గూటికి బదులు రెండో గూట్లో పెట్టాననుకోండి. పిడి దిగుతుంది, రెండోసారి మందు పడుతుంది. అదే మనిషి, అదే ఫోను, అదే పరధ్యానం. ఒక గూడు ఇటైతే ఖాళీ, ఒక గూడు అటైతే డబుల్. చేత్తో తిప్పే ప్రెస్‌లో అయితే అంత కూడా అక్కర్లేదు, తిప్పడం మరిచిపోయి పిడి రెండోసారి దించితే చాలు.

ఖాళీ కేసు 'టప్' మని హెచ్చరిక ఇస్తుంది. డబుల్‌కు హెచ్చరిక లేదు. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామి సంస్థ నేను వాడే 9 ఎం.ఎం. తూటాకు పెట్టిన గరిష్ఠ పీడనం 35,000 పీఎస్ఐ. మన కారు టైర్లో ఉండేది 35. అంటే మామూలు తూటాయే మొహానికి రెండడుగుల దూరంలో టైరుకు వెయ్యింతల పీడనం పుట్టిస్తుంది. మందు రెట్టింపైతే పీడనం రెట్టింపుతో ఆగదు, అంతకంటే చాలా పైకి ఎగబాకుతుంది. ఆ మెషినిస్టు పెద్దాయన దగ్గర అలా పోయిన తుపాకీ పిడి ముక్క ఒకటుంది. కేసు అడుగు చీలి, మంటంతా మ్యాగజైన్ దారిన కిందికి తన్నింది. ఆ మనిషి వేళ్ళు దక్కాయి. అదృష్టమే.

అందుకే మందు మాట ఎత్తుతున్నాను. 9 ఎం.ఎం. కేసు చాలా చిన్నది, పొడవు ముప్పాతిక అంగుళం. టైట్‌గ్రూప్‌లాంటి దట్టమైన మందులు దాంట్లో అడుగున ఇంత పడితే చాలు. గింజ సన్నం, కొలత బాగా వస్తుంది, పౌండు చాలా రోజులొస్తుంది. అందరూ మెచ్చుకునేది ఇందుకే. ఇదే గుణం వల్ల రెండు మోతాదులు పడినా కేసు నిండదు. పైన గుండు పెడితే ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. బరువు తక్కువ, చోటు ఎక్కువ పట్టే మందులు ఇంకో రకం ఉన్నాయి. వాటి మోతాదు సరిగ్గా పడినప్పుడే కేసు సగానికి పైగా నిండుతుంది. రెండోసారి పడితే పట్టదు. మూతి దాటి పొర్లి ప్లేటంతా పడుతుంది, బల్లంతా పాకుతుంది, ఎంత పరధ్యానంలో ఉన్నా చెయ్యి ఆగుతుంది. తప్పు దానంతటదే బయటపడుతుంది.

నా వాదమంతా ఇదే: ప్రోగ్రెసివ్ ప్రెస్ మీద పనిచేసేవాడు పొర్లిపోయే మందే కొనాలి. మందు కొనే పూటే ఈ నిర్ణయం అయిపోవాలి, ఎందుకంటే ఆ పూట మనం నిమ్మళంగా ఉంటాం. రాత్రి పదిగంటలకు, ఆఫీసులో తిట్లు తిని వచ్చి, రేపటి పోటీకి రెండొందలు తక్కువ పడ్డాయని పిడి పట్టుకున్నప్పుడు మన బుద్ధి మీద భారం వేయకూడదు.

దీనికి నాకు వచ్చిన మొదటి జవాబు డబ్బు. సరే, లెక్క వేద్దాం. ఒక పౌండు మందులో 7,000 గ్రెయిన్లు. పౌండు 40 డాలర్లనుకుందాం. దట్టమైన మందు తూటాకు 4 గ్రెయిన్లు, పొర్లే మందు 5 గ్రెయిన్లు అనుకుందాం. (ఇవి లెక్క కోసం పట్టుకున్న అంకెలు, ఎవరూ వీటితో తూటా చేయకండి. మోతాదు మందు కంపెనీ మాన్యువల్‌లోనే చూడాలి, అందులోనూ తక్కువ అంకె నుంచి మొదలుపెట్టాలి.) మొదటిదానికి తూటాకు 2.3 సెంట్లు, రెండోదానికి 2.9 సెంట్లు. తేడా అర సెంటు పైచిలుకు. పదివేల తూటాలకు, అంటే నా ఏడాదికి, 57 డాలర్లు. ఒక పోటీకి పెట్రోలు, ప్రవేశ రుసుము, దారిలో తిండి కలిపితే అంతకంటే ఎక్కువే అవుతుంది. కుడిచేతి వేళ్ళకు ఏడాదికి 57 డాలర్ల బీమా. ఇంత చవక బీమా ఇంకెవరూ ఇవ్వరు.

రెండో జవాబులో న్యాయముంది. పొర్లే మందులు కొన్ని పెద్ద రేకుల్లా ఉంటాయి, కొలిచే పాత్రలోంచి సమానంగా జారవు. వందేళ్ళు దాటిన యూనిక్ మందు దీనికి పెట్టింది పేరు. ఒకసారి కొంచెం ఎక్కువ, ఒకసారి కొంచెం తక్కువ. గురి మీద ప్రాణం పెట్టేవాళ్ళకు అది బాధే. కానీ నాలాంటివాడి పోటీలో పవర్ ఫాక్టర్ దాటితే చాలు. గుండు బరువును వేగంతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె అది. మైనర్ విభాగానికి 125 ఉండాలి. 124 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,050 అడుగులు పోతే 130 వస్తుంది. ఐదు పాయింట్ల వెసులుబాటుంది, పదడుగులు అటూ ఇటూ అయినా కొంప మునగదు. పైగా రేకులుగా లేకుండా సన్నగా ఉండి కూడా చోటు పట్టే మందులు కొన్ని ఉన్నాయి. వెతికితే దొరుకుతాయి.

మూడో జవాబు, "పౌడర్ చెక్ ఉంది కదా అన్నా." ఐదు గూళ్ళ ప్రెస్‌లకు మందు తర్వాతి గూట్లో ఒక కడ్డీ దిగుతుంది, మందు ఎత్తు మరీ ఎక్కువైనా తక్కువైనా కూత పెడుతుంది. మంచి పరికరం, చోటున్నవాళ్ళు పెట్టుకోవాలి. కానీ అదీ ఎత్తునే కొలుస్తుంది కదా. దట్టమైన మందు తప్పు మోతాదుకూ సరైన మోతాదుకూ ఎత్తులో తేడా అతి కొంచెం, పొర్లే మందుకు చాలా ఎక్కువ. కూత పెట్టే కడ్డీ కూడా పొర్లే మందుతోనే బాగా పనిచేస్తుంది. బ్యాటరీ అయిపోతే ఆ కడ్డీ పలకదు, పొర్లే మందుకు బ్యాటరీ అక్కర్లేదు.

ఎంత పొర్లే మందైనా ఖాళీ కేసును పట్టదు. దానికి కన్నే దిక్కు. నా ప్రెస్ మీద పొడవాటి మెడ ఉన్న చిన్న ఎల్‌ఈడీ దీపం బిగించాను, వెలుగు నేరుగా మూడో గూటి కేసులో పడేలా. గుండు పెట్టే ముందు లోపలికి చూస్తాను. అలవాటైతే అర సెకను. చూడకుండా గుండు పెట్టాననిపిస్తే, నిజంగా చూశానో లేదో తెలియకపోతే, ఆ తూటా పక్కడబ్బాలో పడుతుంది, తర్వాత ఊడదీస్తాను. తూకానికి తీసిన కేసు మళ్ళీ ప్లేటు మీదికి రాదు, దానికి ఎర్ర గిన్నె ఒకటి విడిగా ఉంది. ఫోను ఆ గదిలోకే రాదు. ఎవరైనా పిలిస్తే, తలుపు కొడితే, ప్రైమర్ అడ్డం తిరిగితే, ఏ కారణంగానైనా లయ తెగితే, ప్లేటు మీదున్న కేసులన్నీ తీసి మందు హాపర్‌లో పోసి మొదటినుంచి మొదలుపెడతాను. ఇవన్నీ కలిస్తే గంటకు నాకు 250 వస్తాయి. ఆ అక్టోబరు తర్వాత నుంచీ 250యే.

తూకం దగ్గర నాకు మా అబ్బ గుర్తొస్తాడు. తాతను మా వైపు అబ్బ అంటాం. ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. కుంపటి, పట్టకార్లు, అద్దాల పెట్టెలో చిన్న త్రాసు, ఒక సిగరెట్ డబ్బాలో ఎర్రటి గురిగింజలు. తూకం వేసేటప్పుడు ఫ్యాను ఆపమనేవాడు, ఎండాకాలమైనా సరే. గడప దగ్గర ఎవరన్నా నిలబడితే గాలి వీస్తుందని పక్కకు జరగమనేవాడు. ఎంత తెలిసిన బేరమైనా రెండుసార్లు తూచేవాడు, రెండోసారి తట్టలు మార్చి. చిన్నప్పుడు నాకు అది చాదస్తంగా అనిపించేది. మొదటిసారి నేను ఎలక్ట్రానిక్ కాటా మీద మందు పోసినప్పుడు అంకె నిలవకుండా ఆడుతూనే ఉంది. కాటా పాడైందనుకున్నాను. తలెత్తి చూస్తే పైన ఏసీ గాలి రంధ్రం. లేచి మూసేశాను, అంకె నిలబడింది. మా అబ్బ ఫ్యాను ఆపమన్నది ఎందుకో ముప్పై ఏళ్ళ తర్వాత టెక్సస్‌లో తెలిసింది.

ఇంకో సంగతి తెలిసి ఒళ్ళు జలదరించింది. బ్రిటిష్‌వాళ్ళు 1833లో తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా నిర్ణయించారు. మా అబ్బ తూచిన తులంలోనూ, నేను తూచే మందులోనూ ఉన్నది ఒకే గ్రెయిను. ఒక గురిగింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లు. నేను ఒక తూటాలో పోసే మందు రెండున్నర గురిగింజలెత్తు కూడా ఉండదు. అంత కొంచెం అటో ఇటో అయితే ఏమవుతుందిలే అనడం మా అబ్బ ముందు ఎవరికీ చెల్లేది కాదు.

కొత్తవాళ్ళకు చాలామంది చెప్పే సలహా, ముందు సింగిల్ స్టేజ్ మీద ఏడాది నేర్చుకో, తర్వాత ప్రోగ్రెసివ్ కొను అని. ఆ సలహా ఇచ్చేవాళ్ళ మంచితనాన్ని నేను శంకించను. కానీ అది రెండు యంత్రాల ఖర్చు, పైగా సింగిల్ మీద నేర్చుకున్న లయ వేరు. నా పద్ధతి ఇంకొకటి. ప్రోగ్రెసివే కొను, కానీ మొదటి వంద తూటాలు ప్లేటు మీద ఒక్క కేసుతోనే చేయి. మిగతా గూళ్ళు ఖాళీ. ఒక కేసు పెట్టు, పిడి దించు, తీసి చూడు, ప్రైమర్ అంచు కంటే లోపలికి దిగిందా? పక్క గూట్లో పెట్టు, దించు, తీసి తూచు. గుండు పెట్టు, దించు, పొడవు కొలువు. 9 ఎం.ఎం. తూటా మొత్తం పొడవు 1.169 అంగుళాలు దాటకూడదు, గుండు ఆకారాన్ని బట్టి ఇంకా తక్కువే ఉండాల్సి రావచ్చు. చివర్న తుపాకీ బ్యారెల్ ఊడదీసి తూటాను దాంట్లో వదులు. టక్కుమని దిగాలి, తిప్పితే తిరగాలి, తలకిందులు చేస్తే జారి పడాలి. తర్వాత గుండును బల్ల అంచుకు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కు. గుండు లోపలికి జరిగిందంటే బిగువు చాల్లేదు. జరిగిన గుండు వెనక చోటు తగ్గిపోతుంది, పీడనం పెరుగుతుంది. ఇలా వంద చేస్తే ఏ గూట్లో ఏం జరుగుతుందో వేళ్ళకు తెలిసిపోతుంది. అప్పుడు రెండో కేసు పెట్టు.

ఏరుకొచ్చిన ఇత్తడి గురించి రాయాలంటే ఇంకో వ్యాసం అవుతుంది. .380 అనే ఇంకో సైజు తూటా కేసులు 9 ఎం.ఎం. కుప్పలో దాక్కుంటాయి. కొన్ని 9 ఎం.ఎం. కేసులకు లోపల మెట్టులా ఉంటుంది, చోటు తక్కువ, కనిపిస్తే పారేయాలి. మిలిటరీ కేసుల ప్రైమర్ గూడు అంచు నొక్కేసి ఉంటుంది, దాన్ని సరిచేయకపోతే కొత్త ప్రైమర్ నలుగుతుంది. బెర్డన్ రకం కేసులకు అడుగున నడిమధ్య ఒక రంధ్రానికి బదులు రెండుంటాయి, డై సూది విరుగుతుంది. ఆ బెర్డన్ అమెరికావాడు, ఆయన పద్ధతి యూరప్‌లో నిలిచింది. ఒక్క రంధ్రం పద్ధతి బాక్సర్ అనే ఆయనది, ఆయన ఇంగ్లండువాడు, ఆయనది అమెరికాలో నిలిచింది. మనం ఇంట్లో ఇంత సులువుగా ప్రైమర్ ఊడగొట్టగలుగుతున్నది బాక్సర్ పుణ్యమే. .22 తూటాకైతే ఆ యోగమే లేదు, దాని ప్రైమింగ్ మందు కేసు అంచులోనే ఉంటుంది. మన హైదరాబాదు షూటర్ ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో పేల్చే తూటాలు ఒక్కసారివే.

సీసం గురించి మాత్రం తొందరగా దాటిపోను. ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది. పేలిన కేసు లోపలి మసిలో అది ఉంటుంది. మొదట్లో నేను మొక్కజొన్న కంకి పొట్టు వేసి తిప్పే పొడి టంబ్లర్‌లో గ్యారేజీలోనే కడిగేవాణ్ణి. మూత తీసినప్పుడల్లా సన్నటి బూడిద రంగు దుమ్ము లేచేది. రెండో ఏడాది రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకు 9 మైక్రోగ్రాములు వచ్చింది. పిల్లలకు 3.5 దగ్గరే జాగ్రత్త పడమని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది. మా పాప అప్పుడు పాకే వయసు. ఆ కాగితం పట్టుకుని కారులో చాలాసేపు కూర్చున్నాను. ఆ వారమే పొడి టంబ్లర్ తీసేశాను. ఇప్పుడు నీళ్ళు, స్టీలు పుల్లలు వేసి తడిగా కడుగుతాను, దుమ్ము లేవదు. పని గదిలో తివాచీ లేదు. ఆ గదికి వేరే చొక్కా, వేరే చెప్పులు. బయటికి రాగానే చన్నీళ్ళతో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాను. బల్ల దగ్గర మంచినీళ్ళు కూడా తాగను. మరుసటి ఏడాది 4కు దిగింది. పసిపిల్లలున్న ఇంట్లో ఇవి చేయలేనివాళ్ళు ఈ సరదా పెట్టుకోవద్దు, తూటాలు కొనుక్కోండి.

డబ్బు మిగులుతుందా అంటే, 9 ఎం.ఎం.కు పెద్దగా మిగలదు. నాకు తూటాకు 18, 19 సెంట్లు పడుతుంది, అంగట్లో మంచి ధర దొరికితే 23కు వస్తుంది. యంత్రానికి, డైలకు, కాటాకు, టంబ్లర్‌కు పెట్టింది మూడేళ్ళకు పూడింది, నా గంటలకు వెల కట్టకపోతే. 2020 తర్వాత కరోనా కాలంలో వెయ్యి ప్రైమర్లు ముప్పై చిల్లర డాలర్ల నుంచి వంద దాకా ఎగిరినప్పుడు ఆ లెక్క కూడా తప్పింది. కొందరు అప్పుడు ఇంట్లో గుట్టలు పోశారు. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ఇంట్లో ఉండదగ్గది అసలు డబ్బాల్లోనే 20 పౌండ్ల మందు, 10,000 ప్రైమర్లు. నా బల్లమీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బాయే ఉంటుంది, రెండోది కనిపించే దూరంలో కూడా ఉండదు. పని అయిపోగానే హాపర్ ఖాళీ చేస్తాను. మందులోని నైట్రోగ్లిసరిన్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. పైగా నెల తర్వాత హాపర్‌లో ఉన్నది ఏ మందో ఎవరికి గుర్తుంటుంది?

మరి మిగలనిదానికి ఎందుకీ తంటా? నా చేతికి నచ్చినంత మెత్తగా తన్నే తూటా అంగట్లో దొరకదు, అది ఒకటి. ఆ గంటసేపు నేను ఇంకే ఆలోచనా లేకుండా ఉంటాను, అది రెండోది. ఆ రెండోది వేగం పెంచితే పోతుంది.

పోయిన ఆదివారం ఆ కుర్రాడింటికి వెళ్ళాను. ఫోన్లు రెండూ వంటింట్లో పెట్టించాను. కొన్న మందు డబ్బా సీలు కూడా తీయకుండా పక్కన పెట్టాడు, నేను తీసుకెళ్ళిన కొత్త డబ్బా విప్పాం. తూటా మొదలుపెట్టకముందు అతనిచేత ఒక పని చేయించాను. పేలిన పాత ప్రైమరే అడుగున అడ్డంగా ఉన్న ఉత్త కేసును రెండో గూట్లో పెట్టి, పిడి దించమన్నాను. తీసి చూడమన్నాను. సగం దాటి ఉంది. మళ్ళీ అక్కడే పెట్టి మళ్ళీ దించమన్నాను.

మందు మూతి మీదుగా పొంగి ప్లేటు మీద పడింది, అక్కడినుంచి బల్లమీదికి, బల్లమీంచి అతని చెప్పుల మీదికి. పచ్చని రేకులు. అతను చెయ్యి పిడిమీదే ఉంచి అలాగే చూస్తున్నాడు. "అన్నా, నా డబ్బాలోదైతే?" అన్నాడు.

"దాన్లో అయితే నీకు ఏమీ కనిపించదు" అన్నాను.

మందంతా తుడిచి, దీపం వంచి కేసులో వెలుగు పడేలా పెట్టుకున్నాం. తొమ్మిదింటి దాకా ఒక్కొక్క కేసుతోనే చేశాం. యాభై అయ్యాయి, సరిగ్గా ఒక పెట్టె. గంటకెన్ని అని అతను మళ్ళీ అడగలేదు. కేసులోకి చూసిన ప్రతిసారీ పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడా అని చెవి పెట్టాను. "ఉంది" అనుకుంటున్నాడు. గుండు పెట్టేముందు ప్రతిసారీ, "ఉంది".